రోహిణిలో ఉన్ని కోటు

నీలగిరి కొండల మీద మా కూనూరులో క్యాలెండరు గోడకి అందం కోసమే. జనవరైనా జూలై అయినా అదే స్వెట్టరు, అదే మబ్బు, అదే సన్నటి చలి. యాభై రెండేళ్ల కిందట అక్కడే పుట్టి పెరిగి, అక్కడే తల నెరిసిన నాకు ఎండంటే గుడ్డలారేసుకునే ఒక సదుపాయం. ఫ్యాను కింద కూర్చోవడం నా జీవితంలో మద్రాసు స్టేషను వెయిటింగు రూములోనే. అలాంటి వాడిని, 1973 మే నెలాఖరున, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో చోడవరం ప్రయాణం పెట్టుకున్నాను.

పని లేకుండా కాదు. మా అమ్మాయి గంగాభవానికి ఏడో నెల. దాన్ని పురుటికి తీసుకుపోవాలి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలని లోకమంతా ఒప్పుకుంటుంది గానీ, నా ఇంట్లో ఆడదిక్కు లేదు. భార్య పోయి నాలుగేళ్లయింది. అందుకని వియ్యంకుడు తవిటయ్యగారు, పురుడు తమ ఇంట్లోనే పోస్తామని, నన్ను శ్రమపడవద్దని, కొడుకు చేత ఎంతో మర్యాదగా ఉత్తరం రాయించారు. దానికి నేను మూడు పేజీల జవాబు రాశాను. కొండ మీద పుట్టిన పిల్ల, మీ ఎండలకి తట్టుకోలేదు, కడుపుతో ఉన్న మనిషికి ఆ వేడి మంచిది కాదు, ఇదీ దాని సారాంశం. ఆ ఎండని నేనెన్నడూ చూడలేదు. చూడని దాని గురించి మూడు పేజీలు రాయడం టీ ఫ్యాక్టరీలో హెడ్ గుమాస్తాగా నాకు అలవాటైన విద్యే. జవాబు రాకపోయేసరికి స్వయంగా బయల్దేరాను. వాళ్లు పంపనంటే ఆ ఎండనే సాక్ష్యానికి పిలవాలని నా ఎత్తు.

ఆ ఎత్తుతో పాటు ఒక చిన్నపిల్లాడి సరదా కూడా ఉందని దాచుకోను. మా నాన్న చోడవరం అవతలి రోలుగుంట నుంచి ఒక దొర దగ్గర వంటవాడిగా కొండెక్కాడు. బతికున్నన్నాళ్లూ మా ఎండ, మా ఎండ అని చెప్పేవాడు. బండరాయి మీద అప్పడం వేస్తే వేగిపోతుందనేవాడు. నాకు అది నిజమో కాదో చూడాలనుండేది.

మా అల్లుడు సత్యారావు రెండేళ్లు మా ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, చోడవరం షుగర్ ఫ్యాక్టరీలో ఉద్యోగం రాగానే దిగిపోయాడు. కిందటి శ్రావణంలో పెళ్లి మా ఊళ్లోనే చేశాను. ఆ చలికి తవిటయ్యగారు పంచె మీద పంచె కప్పుకుని వణికిపోతుంటే, మా దర్జీ చేత గోధుమరంగు ఉన్ని కోటు కుట్టించి అందరి ముందూ తొడిగాను. మంచి కోటు, ఖరీదైన కోటు. నా దర్జా తెలియాలనే తొడిగాను. తొడిగి ఊరుకున్నానా? "నేను మీ ఊరొచ్చే రోజున ఈ కోటు మీ ఒంటి మీద కనపడాలి బావగారూ" అని హాస్యమాడాను కూడా. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా, అలాగేనని తలూపారు.

మెయిలు అనకాపల్లికి నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చింది. పొద్దున్న తొమ్మిదికల్లా చోడవరంలో దిగుతానని రాసిన వాడిని, పన్నెండు దాటాక బస్సెక్కాను. ఎక్కుతూ కమ్మీ పట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. స్టేషను కుళాయి దగ్గర పిండకుండా తడిపి తెచ్చుకున్న రుమాలు కిటికీలోంచి బయటికి పట్టుకుని గడియారం చూశాను. నాలుగు నిమిషాల్లో పెళపెళలాడింది. మా ఊళ్లో అదే రుమాలు ఆరడానికి రెండు రోజులు పడుతుంది. నాకు భలే సంతోషం కలిగింది. పక్కనున్నాయనకి ఆ సంగతి చెప్పబోతే, ఆయన తలకి తువ్వాలు చుట్టుకుని, పిచ్చివాడి నుంచి జరిగినట్టు కొంచెం అవతలికి జరిగాడు.

గాలి చల్లగా ఉంటుందని కిటికీ దగ్గర కూర్చున్నవాడిని నేనొక్కడినే. ఆ గాలి మూత తీసిన పొయ్యిలోంచి వచ్చినట్టు మొహానికి కొట్టింది. కళ్లలో తడి ఆరిపోయి రెప్ప వెయ్యడానికి కష్టమైంది. ఇంత వేడిలో మనుషులు ఎలా ఉంటున్నారు, ఏం తింటున్నారు, పిట్టలెక్కడికి పోయాయి, అన్నీ అడగాలనిపించింది. ఇంక నా కేసు గెలిచినట్టేనని కూడా అనిపించింది. ఇలాంటి చోట నా కూతుర్ని ఉంచమని ఏ మొహం పెట్టుకుని అంటారు?

ఒంటిగంటకి చోడవరంలో దిగాను. బస్టాండు ఖాళీగా ఉంది. ఉన్న నలుగురూ సోడాకొట్టు పందిరి కింద నక్కి ఉన్నారు. నడి ఎండలో ఒకే ఒక్క మనిషి, పంచె మీద గోధుమరంగు ఉన్ని కోటు, మెడదాకా బొత్తాలు పెట్టుకుని, చేతులు జోడించి నిలబడి ఉన్నారు. నేను తవిటయ్యగారి కంటే ముందు కోటుని గుర్తుపట్టాను.

"దండాలు బావగారూ," అన్నారు. "బండి ఆలీసం అయిపోనాదేటి?"

ఆ క్షణంలో నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. గర్వమనిపించింది. ఇంత మర్యాద తెలిసిన వియ్యంకుడు ఎవరికుంటాడని పొంగిపోయాను. గుర్తుంచుకున్నారే అని భుజం తట్టాను కూడా. కోటు నా అరచేతికి పెనంలా తగిలింది. ఎంతసేపైంది వచ్చి అంటే ఇప్పుడేనన్నారు. సోడాకొట్టతను ఊరుకోలేదు.

"ఎనిమిదింటి నుండి ఆ ఎండలోనే ఉన్నారు బాబూ. నీడకి రమ్మంటే, బస్సులోంచి బావగారికి నేను అవుపడొద్దా అంటారు."

తవిటయ్యగారు నాకు రెండు గోలీసోడాలు కొట్టించారు. తాను తాగలేదు. అలవాటే, నాకేటవుతుందన్నారు. రిక్షా పిలవబోతే నేనే వద్దన్నాను. ఇల్లు వడ్డాది రోడ్డు మీద మైలు దూరమని తెలుసు. నడిచి వెళదాం, మీ ఎండ చూడాలి అన్నాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు. వియ్యంకుడు నడుస్తానంటే కాదనడం ఆయనకి చేతకాదు. నా పెట్టె తీసి భుజాన పెట్టుకోబోతే అది మాత్రం ఇవ్వలేదు. అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచిపని.

దారి పొడుగునా నేను ఆగుతూనే ఉన్నాను. తారు కరిగి చెప్పు అంటుకుంటే ఆగాను. కంపచెట్టు మీద కాకి నోరు తెరుచుకుని కూర్చుంటే, అదలా ఎందుకుందని అడిగాను. అవి అలాగే నోటితో ఎండ దించుకుంటాయని ఆయన చెప్పారు. కిందటేడు వానల్లేక చెరుకు సగం పోయిందట. ఎండిన వరిమడిలో నెర్రెలు చూసి, దగ్గరికి వెళ్లి చూద్దామన్నాను. ఆయన రోడ్డు దిగి నాతో వచ్చారు. నా గొడుగు ఒక నెర్రెలో దింపితే పిడి దాకా దిగిపోయింది. రెండో దాంట్లో, మూడో దాంట్లో కూడా దింపి చూశాను. అంతసేపూ ఆయన తల మీద ఏమీ లేకుండా, కోటు బొత్తాం ఒక్కటి కూడా విప్పకుండా నా పక్కనే నిలబడ్డారు. గొడుగు నా చేతిలో ఉంది.

నాకు చొక్కా అంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆయన మొహం చూస్తే పొడిగా, ఎర్రగా ఉంది. ఒక్క చుక్క చెమట లేదు.

"మీకు చెమటైనా పట్టడం లేదు బావగారూ. అలవాటంటే ఇదీ," అని మెచ్చుకున్నాను.

ఆయన నవ్వడానికి ప్రయత్నించారు. కాసేపటికి, ఎడ్లు విప్పేవా పరదేశీ అని అడిగారు. పరదేశి ఆయన తమ్ముడు, విశాఖపట్నం పోర్టులో పనిచేస్తాడు. వెనకాల వస్తున్నాడు కాబోలని తిరిగి చూశాను. రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. అప్పటికి కూడా నాకు తట్టలేదు. చెప్పొచ్చేదేమిటంటే, వేడి అనేది నాకు ఇంకా చూసే వస్తువే.

ఇంటి ముందుకొచ్చాక ఆయన పక్కకి తప్పుకుని, ముందు మీరు రండి అన్నట్టు చెయ్యి చాపారు. ఆ చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా, మోకాళ్ల మీద కూలిపోయి గుమ్మంలో పడిపోయారు.

లోపల్నుంచి భవాని వచ్చింది. తొమ్మిది నెలల తర్వాత కూతుర్ని చూడ్డం. నిండు కడుపు, నల్లబడ్డ మొహం. నన్ను చూసి నాన్నా అని పరిగెత్తుకొస్తుందని దారంతా ఊహించుకున్నాను. అది నావైపు చూడనే లేదు. వంగలేక వంగి మావగారి నుదుటి మీద చెయ్యి పెట్టింది, మెడ వెనక పెట్టింది, పొడిగా ఉందని, వడదెబ్బేనని తెలిసి దాని మొహం మారిపోయింది. కోటు బొత్తాలు లాగేసింది. రెండు ఊడిపోయి ఎగిరిపడ్డాయి.

"అత్తా, గోనెలు తే. నాన్నా, సూస్తావేటి, నీళ్లు తోడు."

సూస్తావేటి అంది. కొండ మీద నేను నేర్పిన తెలుగు కాదది.

నాకోసం కొత్తగా కట్టిన స్లాబు గదిలో మంచం వేసి, కొత్త దుప్పటి పరిచి ఉంచారు. నేను అందులో పడుకోబెడదామన్నాను. ఆ గది ఈ వేళప్పుడు పొయ్యి అని భవాని ఒక్క మాట అని, పశువులు కట్టే తాటాకు పాకలోకి తీసుకెళ్లమంది. వియ్యపురాలు అప్పయమ్మగారూ నేనూ చెరొక పక్కా పట్టుకుని మోశాం. పక్కింటి నూకరత్నం డాక్టరు కోసం పరిగెత్తింది.

నేను నూతి దగ్గరికి పోయాను. పన్నెండు బారల లోతున నీళ్లు. సగం చేద నీళ్లు, సగం బురద. వియ్యంకుడు నీళ్లు తోడడం ఆ ఇంటికి ఎంత అప్రతిష్టో నాకు తెలుసు. అప్పయమ్మగారికి ఇంకా బాగా తెలుసు. అయినా ఆవిడ వద్దనలేదు. ఎన్ని చేదలు తోడానో గుర్తులేదు, అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. భవాని గోనెలు ముంచి ఆయన ఒంటి మీద కప్పేది, వేడెక్కగానే తీసి మళ్లీ ముంచేది. అప్పయమ్మగారు ఉల్లిపాయ దంచి అరికాళ్లకి రాస్తూ, రెండో చేత్తో తాటాకు విసనకర్ర ఆపకుండా విసిరారు. ఆయన ఏదో గొణుగుతున్నారు. ఒకసారి బస్సు వచ్చిందా అన్నారు. ఆ మాట వింటూ చేద మళ్లీ నూతిలోకి వదిలాను. ఈ మనిషి పోతే నేను చంపినట్టే. ఇంకో విధంగా చెప్పుకోవడానికి దారి లేదు.

గంట గడిచాక డాక్టరు వచ్చారు. ఫ్యాక్టరీలో ఓవర్‌హాలింగ్ పనిలో ఉన్న సత్యారావు కూడా గ్రీజు చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. డాక్టరు సెలైను పెట్టి, మీరు చేసిందే వైద్యం, నేను చేసేది తర్వాత అన్నారు. ఈ ఎండలో ఈయనకి కోటు ఎవరు తొడిగారని అడిగారు. ఒక్కరైనా నావైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

డాక్టరు వెళ్లాక అప్పయమ్మగారు నేల మీద పడున్న కోటుని తీసుకెళ్లి కంచె మీద విసిరికొట్టారు.

"కొండమీద దానివి కొండమీద ఉండక మా ఇంటికెందుకొచ్చేవు?" అని కోటుని అడిగారు.

వియ్యంకుణ్ణి అనకూడదు కాబట్టి కోటుని అన్నారు. నాకు అక్షరం పొల్లు పోకుండా అందింది.

పొద్దు వాలే వేళకి తవిటయ్యగారి ఒంటి మీద చెమట పట్టింది. భవాని ఆ చెమట చేత్తో తుడిచి, అత్తకి చూపించింది. అత్తాకోడళ్లిద్దరూ అప్పుడు ఏడ్చారు. ఆయన కళ్లు తెరిచి చుట్టూ వెతికి, నేను కనపడగానే అడిగిన మొదటి మాట ఇది.

"బావగారు బోంచేసేరా?"

చేశానని అబద్ధమాడాను. భవాని ఒక ముంతలో పుల్లటి నీళ్లు తెచ్చి, ఉప్పు కలిపి చెంచాతో ఆయన నోట్లో పోసింది. ఏమిటదని అడిగాను. తరవాణి అని చెప్పింది. అన్నం వార్చిన గంజిలో నీళ్లు పోసి కుండలో పులియబెడతారట. ఎండాకాలం పొద్దున్నే రెండు ముంతలు తాగి గానీ ఆయన గుమ్మం దాటరట. ఈ రోజు తాగలేదు. ఆ పులుపు వాసన నాకు కొడుతుందని మానేశారు. అతిథి తినకుండా తాను తినకూడదని అన్నమూ మానేశారు. ఎండ ఆయన్ని ఏమీ చెయ్యలేదు, నాకు చేసిన మర్యాదే పడగొట్టింది. మరునాటి నుంచి నేనూ ఆ తరవాణి తాగాను. ముక్కు మూసుకుని మొదలుపెట్టి, మూడో రోజుకి నేనే అడిగి పోయించుకున్నాను.

ఆ మూడు రోజులూ నా కూతుర్ని గమనించడమే నా పని. ఎప్పుడు కిటికీలు మూయాలో, ఎప్పుడు తడికలు తడపాలో, పొయ్యి ఎప్పటికి ఆర్పేయాలో దానికి తెలుసు. నడిమధ్యాహ్నం వాకిట్లోకి అడుగు పెట్టేది కాదు. గాలి పడమర నుంచి తిరిగిందని పాకలో కూర్చునే చెప్పేది. ఎండ కథలు విని పెరిగిన నాకు ఒక్క ముక్క తెలియదు. వినకుండా పెరిగిన దానికి అన్నీ వచ్చేశాయి. ఇంత ఎప్పుడు నేర్చుకుందా అని నాకు ఆశ్చర్యం, కొంచెం ఉక్రోషం కూడా.

నాలుగో రోజు తవిటయ్యగారు మంచం మీద లేచి కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. సత్యారావు మంచం పక్కనే నేల మీద కూర్చున్నాడు, భవాని కొంచెం అవతల చేటలో బియ్యం ఏరుతోంది.

"పిల్లని తీసుకెల్లిపోండి బావగారూ," అన్నారు. "ఈ ఎండల్లో పుట్టి పెరిగినోణ్ణి, నేనే ఇలాగైపోనాను. మీరు రాసిందే రైటు."

నేను వచ్చిన పని అయిపోయింది. సాక్ష్యం నా తరఫున చెప్పాల్సిందంతా చెప్పేసింది. కానీ నా నోట వచ్చిన మాట ఇంకోటి. వద్దు బావగారూ, దానికి మీ దగ్గరే క్షేమం, నాకంటే దానికే ఎండ సంగతి బాగా తెలుసు, పురుడు ఇక్కడే కానివ్వండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తీసుకెళ్లాల్సిందేనన్నారు. నేను ఉంచాల్సిందేనన్నాను. ఎదుటివాడి మాట నెగ్గించడానికి ఇద్దరం పావుగంట దెబ్బలాడుకున్నాం. ఎవరికి ఏది కావాలో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం దాన్నే కాదంటున్నాం.

భవాని చేట నేల మీద పెట్టింది.

"నాన్నా, నిజం సెప్పు. ఎండకేనా నన్ను తీసుకెల్తానన్నావు?"

నేను విసనకర్ర తీసుకుని బావగారికి విసరడం మొదలుపెట్టాను.

"ఎండకైతే నేను రాను. ఎండ నాకు తెలుసు. ఇంట్లో ఒక్కడివీ ఉండలేకపోతన్నావా? ఆ మాట సెప్పు. ఈ పూటే గుడ్డలు సర్దుకుంటాను."

అందరి ముందూ అడిగింది. వియ్యంకుడి ముందు, అల్లుడి ముందు. పెళ్లాం పోయాక పిల్ల ఉంది కదా అనుకున్నాను. పిల్లకి పెళ్లయ్యాక ఆ ఇంట్లో గొంతు విప్పితే నా గొంతే నాకు కొత్తగా వినపడేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, గుప్పెడు బియ్యం వండుకుని తినేసరికి, మళ్లీ పొద్దున్న దాకా ఎవరితోనూ పని లేదు. మనవడో మనవరాలో ఆ ఇంట్లో ఏడుస్తుంటే వినాలని నా ఆశ. దానికి ఎండని అడ్డం పెట్టుకున్నాను.

"ఉండలేకపోతున్నానమ్మా," అన్నాను.

తవిటయ్యగారు తల దించుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్న అప్పయమ్మగారు, పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చారు.

"ఆ ముక్క ముందే అనొచ్చు గదా అన్నయ్యగారూ. ఎండ, ఎండ అంటంటే మా ఊరు మీకు గిట్టలేదు గావాల అనుకున్నాం. మడిసికి మడిసి కావాలంటే ఎవులు కాదంటారు? నేనూ వస్తాను, పురుడు నేనే పోస్తాను. ఆడదిక్కు లేదన్న బెంగ మీకొద్దు."

మంచం మీద నుంచి తవిటయ్యగారు, మరి నా సంగతేటి, నాకు కూడెవరు వండుతారని నెమ్మదిగా అడిగారు.

"అన్నయ్యగారు తొమ్మిది నెల్లు వండుకున్నారు," అన్నారావిడ. "నువ్వు నాలుగు నెల్లు వండుకోలేవా?"

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. అప్పయమ్మగారు చూడనట్టే లోపలికి వెళ్లి, కూనూరులో చలికి ఎన్ని దుప్పట్లు కావాలో కోడల్ని అడగడం మొదలుపెట్టారు.